చక్రాల మీది వ్యవసాయ పాఠశాల

1964లో హైదరాబాదు చెంత రాజేంద్రనగరంలో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానికి తోడ్పడిన సంస్థలలో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయం ఒకటి. బోధన, పరిశోధన, విస్తరణ అనే మూడు పనులూ ఒకే కప్పు క్రింద సాగవలెనన్న పద్ధతి ఆ దేశంలో రూపు దిద్దుకొన్నది. బోధన యేమిటో, పరిశోధన యేమిటో మనకు చప్పున తెలియును. విస్తరణ అన్న మాట మాత్రం కాగితాల మీద కనిపించినంత సులువుగా మనసుకు ఎక్కదు. ఆ మాట వెనుక అలబామా రాష్ట్రపు మట్టిబాటలలో తిరిగిన ఒక బండి చరిత్ర ఉన్నది.

ముందుగా డబ్బు సంగతి. 1862లో మోరిల్ చట్టం వచ్చినది. కేంద్ర శాసనసభలలో ఒక్కొక్క రాష్ట్రానికి ఎందరు సభ్యులున్నారో లెక్కించి, తలకు 30,000 ఎకరాల చొప్పున ప్రభుత్వ భూమిని ఆ రాష్ట్రానికి ఇచ్చి, దాని విక్రయధనంతో వ్యవసాయమూ యంత్రవిద్యా నేర్పే కళాశాలలను పోషించుకొమ్మన్నారు. వీటిని భూదాన కళాశాలలని మనం అనువదించుకొనవచ్చును గాని, వినోబాజీ భూదానానికీ దీనికీ పోలిక లేదు. ఇక్కడ దాత ప్రభుత్వం. నేలను పోగొట్టుకొన్నవారు ఆదిమజాతులు. ఒప్పందాల పేరిట కొంత, తుపాకుల బలంతో కొంత వారి చేతి నుండి జారిపోయిన భూమే పెక్కుచోట్ల కళాశాలలకు మూలధనమైనది. తరువాత 1887లో వచ్చిన హాచ్ చట్టం ప్రయోగ క్షేత్రాల కొరకు రాష్ట్రానికి ఏటా 15,000 డాలర్లు మంజూరు చేసినది.

దక్షిణ రాష్ట్రాలలో ఈ ధనం చాలవరకు తెల్లవారి కళాశాలలకు చేరినది. 1865లో బానిసత్వం రద్దయినా, పత్తిచేలలో వంగి పనిచేసే నల్లజాతి రైతు ఆ కళాశాలల గడప తొక్కుటకు వీలులేదు. 1890లో మరొక చట్టం వచ్చి, నల్లవారిని చేర్చుకొనండి, లేకున్న వారికి వేరుగా కళాశాల చూపండి అన్నది. దక్షిణాదివారు రెండవ మార్గాన్నే పట్టినారు. అలబామాలో ఆ వాటా హంట్స్‌విల్ కళాశాలకు పోయినది. టస్కీగీలో 1881లో బుకర్ టి. వాషింగ్టన్ ప్రారంభించిన విద్యాలయానికి రాష్ట్రం ఇచ్చే కొద్ది మొత్తమూ, ఉత్తరాది దాతల చందాలూ ఆధారం.

ఆ విద్యాలయంలో 1892 ఫిబ్రవరిలో ఒక సభ జరిగినది. రైతులూ వడ్రంగులూ కమ్మరులూ ఒక డెబ్బది అయిదుగురు వస్తారనుకొంటే నాలుగు వందలకు పైగా వచ్చినారు. ఇది పండితసభ కాదు. వేదిక మీదివారు ఉపన్యసించి, క్రిందివారు తల ఊపి వెళ్ళిపోయే తంతు అంతకంటె కాదు. తాము దున్నే నేల ఎవరిదో, పంట మీద అప్పు ఎంత ఉన్నదో, ఇంటికి గదులెన్నో, ఊరి బడి ఏడాదికి ఎన్ని నెలలు నడుచునో రైతులనే చెప్పమన్నారు. కౌలు భూములు, ఒంటి గది ఇళ్ళు, మూడు నాలుగు నెలల బడి అన్న చిత్రం వారి నోటనే వెలువడినది. ఈ సభ అటుపిమ్మట ఏటేటా జరిగినది. మైకు ముందు కూర్చొని మాట్లాడే మా బోటివారికి ఎదుటివాని పొలం కనబడదు. అందుచేత ఈ సభ నాకు మరింత గొప్పగా తోచును. సలహాకు ముందు ప్రశ్న వచ్చినది, ఆ ప్రశ్నకు జవాబు రైతు చెప్పినాడు.

1896లో జార్జి వాషింగ్టన్ కార్వర్ ఇక్కడికి వ్యవసాయశాఖకు అధిపతిగా వచ్చినాడు. పుట్టుకతో బానిస, అయోవా వ్యవసాయ కళాశాలలో పట్టభద్రుడు. మరుసటి ఏడు రాష్ట్ర శాసనసభ టస్కీగీకి ప్రయోగ క్షేత్రాన్ని మంజూరు చేసినది. గ్రాంటు ఏడాదికి 1,500 డాలర్లు. హాచ్ చట్టపు మొత్తంలో అది పదవ వంతు. ఆ డబ్బుతో ఖరీదైన రసాయనిక ఎరువులు కొని ప్రయోగాలు చేసినా, ఫలితాన్ని వాడుకొనగల రైతు ఆ చుట్టుప్రక్కల అరుదు. కనుక కార్వర్ అడవిలో రాలిన ఆకులను, చిత్తడి నేలల నల్లమట్టిని ఎరువుగా వేసి చూపినాడు. పత్తితో సారం చచ్చిన నేలలో బొబ్బర్లు, చిలగడదుంప, వేరుశనగ వేయమన్నాడు. ఆయన ప్రకటించిన చిన్న పుస్తకాలలో సాగు పద్ధతితో బాటు వంట పద్ధతి కూడా ఉండును. పండించినది తినుట తెలియక పారవేస్తే నేల బాగుపడి యేమి లాభం? నెలనెలా రైతు సమావేశాలు, 1904 నుండి శీతకాలంలో కొద్ది దినాల ఉచిత తరగతులు నడిచినవి.

అయినను రానివారే ఎక్కువ. పశువును విడిచి, కూలి మాని, ఇరువది మైళ్ళు నడిచి రాగలవారు ఎందరు? అప్పుడు బండి ఆలోచన వచ్చినది. న్యూయార్కు వర్తక ప్రముఖుడు మారిస్ జెసప్ ధనమిచ్చినాడు. 1906 మే నెలలో జెసప్ బండి బయలుదేరినది. నాగళ్ళు, విత్తనాలు, ఎరువులు, వెన్న చిలికే యంత్రం, మీగడ తీసే యంత్రం అందులో ఉన్నవి. ఆ వేసవిలో నెలకు రెండు వేల మందికి పైగా దానిని చూచినారు. అదే నవంబరులో టస్కీగీ విద్యార్థి థామస్ కాంప్‌బెల్‌ను కేంద్ర వ్యవసాయశాఖ ప్రదర్శకుడుగా నియమించినది. నల్లజాతివారిలో ఆ ఉద్యోగం పొందిన మొదటివాడు అతడే. ఎవరి పొలంలోనో ఒక చెక్కను ఎన్నుకొని, ఆ రైతు చేతనే దున్నించి, ఇరుగుపొరుగులను పిలిచి చూపుట అతని పని.

ఇంత చేసినా ఒక గోడ కదలలేదు. కౌలుదారుకు తిండిగింజలు, విత్తనాలు అరువిచ్చే వర్తకుడు రాబోయే పంటను తాకట్టు పెట్టుకొనును. అతనికి కావలసినది పత్తి. బొబ్బర్లు వేస్తే నేలకు మంచిదని బండిలోని మనిషి చెప్పినది నిజమే. బొబ్బర్లు వేస్తే అరువు దొరకదన్నదీ నిజమే. భూమి ఎవరిదన్న ప్రశ్నను బండి తనతో మోసుకొని పోలేకపోయినది. కార్వర్‌ను వేరుశనగ మాంత్రికునిగా కీర్తించే వ్యాసకర్తలు ఈ సంగతిని తరచు దాటవేస్తారు.

1914లో స్మిత్-లీవర్ చట్టం విస్తరణకు దేశమంతటా కేంద్రధనం సమకూర్చినది. రాష్ట్రాలు తమ వాటా కలపవలెను. ధనం ఏ కళాశాలకు చేరవలెనో నిర్ణయించే అధికారం రాష్ట్ర శాసనసభలకు విడిచినారు. నల్లవారి కళాశాలలకు భాగం ఉండవలెనన్న సవరణ నిలువలేదు. అలబామాలో పగ్గాలు ఆబర్న్‌లోని తెల్లవారి కళాశాల చేతికి పోయి, టస్కీగీ దాని క్రింద పనిచేయవలసి వచ్చినది. ఇంటి నుండి పుట్టిన పద్ధతికి దేశమంతటా గౌరవం దక్కినది. ఇంటివారికి తాళంచెవి దక్కలేదు.

బండి స్థానంలో తరువాత మోటారు లారీ వచ్చినది. 1923లో మరొక పెద్ద లారీ కొనుటకు రైతులే చందాలు వేసుకొన్నారు. అందులో వ్యవసాయ ప్రదర్శకునితో బాటు గృహవిజ్ఞానం చెప్పే స్త్రీయు, ఒక నర్సును వెళ్ళేవారు. విస్తరణకు, పరిశోధనకు కేంద్రధనం 1890 నాటి కళాశాలలకూ టస్కీగీకీ నిర్ణీత వాటాగా నేరుగా అందునట్లు చట్టం చేసినది 1977లో. కార్వర్ 1943లోనే కన్నుమూసినాడు.