మస్వెల్ హిల్ అన్నదమ్ములు

1978లో అమెరికా కుర్రకారు చెవుల్లో 'యూ రియల్లీ గాట్ మీ' అనే పాట హోరెత్తింది. పాడింది వాన్ హేలెన్, కాలిఫోర్నియా నుంచి వచ్చిన కొత్త బ్యాండు. వాళ్ల మొదటి సింగిల్ అదే. పాట మాత్రం కొత్తది కాదు. పద్నాలుగేళ్ల కిందట ఉత్తర లండన్‌లో, ఓ ఇంటి ముందుగదిలో ఉన్న పియానో మీద, ఇరవై ఏళ్లు నిండీ నిండని రే డేవిస్ కట్టిన పాట అది.

రే డేవిస్‌నీ, అతని బ్యాండు కింక్స్‌నీ జనం తెలుసుకునే తీరు తరచూ ఇలాగే ఉంటుంది. ముందు మనవలు పరిచయమవుతారు, తాతగారి ఇల్లు ఎక్కడో ఆ తర్వాత తెలుస్తుంది. బీటిల్స్ దగ్గరికి, రోలింగ్ స్టోన్స్ దగ్గరికి ఎవరైనా నేరుగా వెళ్లిపోతారు. కింక్స్ దగ్గరికి వెళ్లాలంటే చాలామందికి మధ్యలో ఇంకో బ్యాండు దారి చూపించాల్సి వచ్చింది.

ఆ ఇల్లు మస్వెల్ హిల్ పక్కన ఫోర్టిస్ గ్రీన్‌లో, డెన్మార్క్ టెర్రస్ వరసలో ఉంది. డేవిస్ దంపతుల ఎనిమిది మంది సంతానంలో మొదటి ఆరుగురూ ఆడపిల్లలే. 1944లో రే, 1947లో అతని తమ్ముడు డేవ్ పుట్టారు. వారాంతం వస్తే ఆ ముందుగదిలో బంధువులు, ఇరుగుపొరుగు చేరి పియానో చుట్టూ నిలబడి పాతకాలపు మ్యూజిక్ హాల్ పాటలు పాడేవాళ్లు. అక్కలు తెచ్చిన రికార్డులు సరేసరి. అక్కల్లో రెనీకి గుండె జబ్బు. 1957లో రే పదమూడో పుట్టినరోజుకి అతను మోజుపడ్డ గిటారు కొనిచ్చింది. అదే రాత్రి లండన్ లైసియమ్ హాల్లో డాన్స్ చేస్తూ కుప్పకూలి చనిపోయింది. పాతికేళ్ల తర్వాత రే రాసిన 'కమ్ డాన్సింగ్'లో డాన్స్ హాళ్లకి వెళ్లే అక్క ఆమే. ఆ పాట అమెరికా చార్టుల్లో ఆరో స్థానం దాకా వెళ్లింది.

1964కి తిరిగి వస్తే, కింక్స్ మొదటి రెండు సింగిల్స్ అంతంతమాత్రంగానే పోయాయి. మూడోది కూడా తన్నేస్తే 'పై రికార్డ్స్' కంపెనీ వాళ్లని ఇంటికి పంపేసే పరిస్థితి. 'యూ రియల్లీ గాట్ మీ'ని ఒకసారి రికార్డు చేశారు. నెమ్మదిగా, ప్రతిధ్వనులతో నునుపుగా వచ్చింది. అది బయటికి రావడానికి వీల్లేదని రే మొండికేశాడు. జూలైలో ఐబీసీ స్టూడియోలో, నిర్మాత షెల్ టాల్మీ ఆధ్వర్యంలో మళ్లీ రికార్డు చేశారు.

రెండోసారి పట్టుబడిన శబ్దం వెనక, బ్యాండులో గిటారు వాయించే డేవ్ చేసిన ఆకతాయి పని ఒకటుంది. అతని దగ్గర ఎల్పికో కంపెనీ ఆకుపచ్చ ఆంప్లిఫయర్ ఒకటి ఉండేది. చిన్నది, చవకది. దాంట్లోంచి గిటారు మరీ శుభ్రంగా, మర్యాదగా పలుకుతోందని పదిహేడేళ్ల డేవ్‌కి ఒళ్లు మండింది. గడ్డం గీసుకునే బ్లేడు తీసుకుని స్పీకర్ లోపలి కాగితపు శంకువుని చీరేశాడు. తీగ మీటగానే చీలిన కాగితం అదురుతుంది, ఆ అదురుకి స్వరం బొంగురుపోయి బరబరమంటుంది. ఆ చిన్న ఆంప్లిఫయర్‌ని తీసుకెళ్లి వాక్స్ ఏసీ30 అనే పెద్దదానికి తగిలించాడు. ఇక పాట విషయానికొస్తే, ఒక మెట్టు తేడాలో ఉన్న రెండు కార్డ్‌లు, వాటి మధ్య ఊగే ఒక ముక్క, అంతే. కాసేపటికి అదే ముక్క అలాగే పైస్థాయికి ఎక్కుతుంది. ఇంకేం లేదు. అయినా సెప్టెంబరుకల్లా బ్రిటన్‌లో మొదటి స్థానం. అమెరికాలో ఏడు.

మధ్యలో వచ్చే గిటారు సోలో డేవ్‌ది కాదు, అప్పట్లో కూలికి వాయించే జిమ్మీ పేజ్‌ది అని ఒక పుకారు దశాబ్దాల తరబడి తిరిగింది. పేజే కాదన్నాడు, టాల్మీ కాదన్నాడు. పుకారు మాత్రం చావలేదు. పదిహేడేళ్ల కుర్రాడికి ఆ ఘనత ఇవ్వడానికి జనానికి మనసొప్పలేదు కాబోలు.

ఆ చీలిన స్పీకర్ మోత వెంటనే పాకింది. ద హూ తొలి హిట్ 'ఐ కాంట్ ఎక్స్‌ప్లెయిన్'ని కింక్స్ బాణీ చూసే రాశానని పీట్ టౌన్‌షెండ్ దాచుకోకుండా చెప్పాడు. దాని నిర్మాత కూడా టాల్మీయే. ఆ తర్వాత హెవీ మెటల్, పంక్ వాళ్లకి కావలసిన గరుకుదనమంతా అందులో ముందే ఉంది. కింక్స్ గొప్పతనం ఇక్కడే ఆగి ఉంటే చరిత్రలో ఒక ఫుట్‌నోటు సరిపోయేది.

1965 వాళ్లకి విచిత్రమైన సంవత్సరం. జనవరిలో ఆస్ట్రేలియాకి వెళ్తూ బొంబాయిలో ఆగారు. తెల్లవారుజామున పనికి పోతున్న జాలరులు పాడుకుంటూ వెళ్లడం రే చెవిన పడింది. 'హైలెస్సా' విని పెరిగిన మన కోస్తావాళ్లకి అదేమంత వింత కాదు, లండన్ కుర్రాడికి మాత్రం మనసులో నాటుకుపోయింది. ఆ జూలైలో వచ్చిన 'సీ మై ఫ్రెండ్స్'లో పన్నెండు తీగల గిటారు తంబూరాలా ఒకే శ్రుతి మీద మోగుతూ ఉంటుంది, గొంతు దాని మీద సాగుతుంది. జార్జ్ హారిసన్ సితార్‌తో బీటిల్స్ 'నార్వీజియన్ వుడ్' బయటికి వచ్చింది ఆ డిసెంబరులో. రాక్‌లోకి భారతీయ సంగీతం అనగానే అందరికీ హారిసనే గుర్తొస్తాడు. రే ఊసు ఎవరూ ఎత్తరు.

మే నెలలో కార్డిఫ్‌లో ఒక కచేరీ మధ్య డేవ్‌కీ డ్రమ్మర్ మిక్ ఏవరీకీ చెడింది. డేవ్ ఏవరీ డ్రమ్ములని తన్నేశాడు, ఏవరీ చేతికందిన ఇనప సామానుతో డేవ్ తల పగలగొట్టాడు. కుట్లు పడ్డాయి. ఆ వెంటనే వేసవిలో అమెరికా పర్యటన. అక్కడ నిర్వాహకులతో తగువులు, ఓ టీవీ స్టూడియోలో కొట్లాట. దాంతో అమెరికా సంగీతకారుల యూనియన్ వాళ్లకి అనుమతులు ఆపేసింది. ఫలానా తప్పు అని తేల్చి చెప్పిందీ లేదు. 1969 దాకా నాలుగేళ్లపాటు, బ్రిటిష్ బ్యాండ్లన్నీ అమెరికాలో డబ్బు మూటగట్టుకుంటున్న ఆ రోజుల్లో, కింక్స్ ఇంట్లోనే కూర్చోవాల్సి వచ్చింది.

ఆ నిషేధమే రే డేవిస్‌ని రచయితని చేసిందని చెప్పవచ్చు. అమెరికా యాసలో అమెరికా వాళ్లకోసం పాడాల్సిన అవసరం పోయింది. కళ్లముందు మిగిలింది తన పేట. మధ్యతరగతి పెద్దమనిషి, కొత్త ఫ్యాషన్ల వెంట పరుగెత్తే సోగ్గాడు, పన్నులవాళ్లు ఊడ్చుకుపోయాక ఎండలో కూలబడిన ధనవంతుడు, అద్దె కట్టలేని జంట వరసగా పాటల్లోకి వచ్చి కూర్చున్నారు. ముందుగదిలో విన్న మ్యూజిక్ హాల్ వరసలు ఇప్పుడు అక్కరకొచ్చాయి. ఆ పన్నుల బాధితుడి పాట 'సన్నీ ఆఫ్టర్‌నూన్' 1966లో బీటిల్స్ 'పేపర్‌బ్యాక్ రైటర్'ని దించి మొదటి స్థానం ఎక్కింది. మరుసటి ఏడు వచ్చిన 'వాటర్లూ సన్‌సెట్'లో కథంటూ లేదు. కిటికీలోంచి థేమ్స్ నదినీ, స్టేషన్ దగ్గర కలుసుకునే ఒక జంటనీ చూసే ఒంటరి మనిషి, అంతే. రే చిన్నప్పుడు నది ఒడ్డునున్న సెయింట్ థామస్ ఆసుపత్రిలో పడుకుని ఆ నీళ్లనే చూశాడు.

1968 నవంబరు 22న వచ్చిన 'ద కింక్స్ ఆర్ ద విలేజ్ గ్రీన్ ప్రిజర్వేషన్ సొసైటీ' ఆల్బమ్ ఈ దారిలో శిఖరం. పదిహేను పాటలు. చివరి ఆవిరి రైలు, పాత ఫొటోల ఆల్బమ్, లావెక్కిన ఒక పిల్లి, వదిలేసి వచ్చిన ఊరు. బ్రిటిష్ రైల్వే ప్రధాన మార్గాల్లో ఆవిరి ఇంజన్లని నిలిపేసింది సరిగ్గా ఆ ఏడాది ఆగస్టులోనే. ప్రపంచమంతా విప్లవం అంటున్నప్పుడు ఒక రాక్ బ్యాండు పాతవి దాచుకుందాం అనడం ఎవరికెక్కుతుంది? పైగా బీటిల్స్ 'వైట్ ఆల్బమ్' విడుదల కూడా అదే రోజు. కింక్స్ రికార్డు చార్టుల మొహమే చూడలేదు. అయితే ఆ పాటలు పైకి కనిపించేంత మెత్తనివి కావు. పాత ఊరిని పొగుడుతూనే, ఆ పొగిడేవాణ్ణి చూసి ఓరగా నవ్వుతాడు రే. వెటకారం ఎక్కడ మొదలై బెంగ ఎక్కడ ముగుస్తుందో తేల్చుకోలేం. ఇంత చమత్కారం ఆనాటి రాక్‌లో చాలా అరుదు.

నిషేధం తీరాక 1970లో 'లోలా' మళ్లీ వాళ్లని గట్టెక్కించింది. దానికీ ఒక తంటా వచ్చింది. పాటలో కోకాకోలా పేరుంది, వ్యాపార వస్తువుల పేర్లు వినిపించకూడదన్నది బీబీసీ నియమం. అమెరికా పర్యటన మధ్యలో రే విమానమెక్కి లండన్ వచ్చి, ఆ మాట తీసి 'చెర్రీ కోలా' అని పాడి వెళ్లాడు.

వారసుల సంగతికొస్తే రెండు పాయలు కనిపిస్తాయి. వాన్ హేలెన్ అందుకున్నది చీలిన స్పీకర్‌ని. అదే 1978లో ఇంగ్లండులో ద జామ్ బ్యాండు కింక్స్ పాట 'డేవిడ్ వాట్స్' పాడింది. వాళ్ల నాయకుడు పాల్ వెల్లర్ అందుకున్నది పేటలోని మనుషుల్ని. మరుసటి ఏడు ప్రిటెండర్స్ మొదటి సింగిల్ 'స్టాప్ యువర్ సాబింగ్'. అదీ రే రాసిందే, 1964 నాటి తొలి ఆల్బమ్‌లోది. 1989లో కర్స్టీ మెకాల్ పాడిన 'డేస్' బ్రిటన్‌లో పన్నెండో స్థానానికి వెళ్లింది. 1968లో కింక్స్ పాడినప్పుడూ సరిగ్గా పన్నెండే. బ్లర్ బ్యాండు 1994లో 'పార్క్‌లైఫ్' తెచ్చినప్పుడు విమర్శకులు వెంటనే రే పేరెత్తారు. మరుసటి ఏడు ఆ బ్యాండు గాయకుడు డేమన్ ఆల్బర్న్ టీవీలో రే పక్కన కూర్చుని 'వాటర్లూ సన్‌సెట్' పాడాడు. ఈ రెండు పాయల్లో రెండోదే లోతైనది. బరబరమనే గిటారు నేడు బటన్ నొక్కితే వస్తుంది. మనుషుల్ని మూడు నిమిషాల్లో నిలబెట్టే విద్యకి అలాంటి బటన్ లేదు.

అన్నదమ్ముల పోట్లాటలు మాత్రం ఆగలేదు, 1996లో బ్యాండు ముగిసింది. 2017లో రేకి సర్ బిరుదు వచ్చింది. చార్టుల మొహం చూడని ఆ 'విలేజ్ గ్రీన్' యాభై ఏళ్లకి, 2018లో, బ్రిటన్‌లో గోల్డ్ డిస్క్ తెచ్చుకుంది. మస్వెల్ హిల్‌కి దగ్గర్లోని హార్న్సీలో 1973లో కింక్స్ పెట్టుకున్న స్టూడియో పేరు కాంక్. బ్రైటన్ కుర్రాళ్ల బ్యాండు ద కూక్స్ అక్కడ రికార్డు చేసిన రెండో ఆల్బమ్‌కి ఆ స్టూడియో పేరే పెట్టింది. 2008 ఏప్రిల్‌లో 'కాంక్' బ్రిటన్ ఆల్బమ్ చార్టులో మొదటి స్థానంలో నిలిచింది.