సీనాయి మఠములోని మైనపు పటము

చదువరులారా, క్రిస్మసు రాత్రి మైనపువత్తి చుక్క ఒకటి చేతిమీద పడి చురుక్కుమనుటయు, రెప్పపాటులో గట్టిపడుటయు మీరెరుగుదురు గదా. పూర్వపు చిత్రకారుని చిక్కంతయు అదియే. అతడు రంగుపొడిని కరగిన తేనె మైనములో కలిపెడివాడు. కుంచె కుంపటినుండి చెక్కపలకను చేరులోపలనే అది పేరుకొనుచుండెను. అందుచేత కాచిన లోహపు పనిముట్టుతో దానిని మరల మెత్తపరచి, ఒక రంగును వేరొక రంగులోనికి నడిపించెడివాడు. ఈ పనికి గ్రీకులు పెట్టిన పేరునకు "కాల్చి అతుకుట" అని అర్థము.

79వ సంవత్సరమున వెసూవియసు అగ్నిపర్వతము ప్రేలినప్పుడు మరణించిన రోమా గ్రంథకర్త ప్లినీ, మైనమును శుద్ధిచేయు విధమును వ్రాసియుంచెను. పసుపుపచ్చని మైనమును గాలికి ఆరనిచ్చి, చవుటి ఉప్పు కలిపిన సముద్రపు నీటిలో పలుమారులు మరగించి, పైకి తేలిన తెల్లని భాగమును ఎండలోను వెన్నెలలోను ఉంచవలెనట. ఎండ ఆరబెట్టును, వెన్నెల తెల్లబరచును అని ఆయన నమ్మిక. శాస్త్రము సంగతి ఎట్లున్నను, ఆ మాట నాకు ముచ్చటగానే యున్నది. ఓడలకు సైతము ఈ రంగులు పూసెడివారనియు, ఎండయు ఉప్పునీరును గాలియు వాటిని చెరుపజాలవనియు ఆయనే చెప్పెను. 1888లో ఫ్లిండర్సు పెట్రీ ఐగుప్తులోని హవారాయొద్ద త్రవ్వగా, శవముల నారబట్టలలో ఇమిడ్చిన పలకలమీద రోమా కాలపు స్త్రీపురుషుల ముఖములు బయటపడెను. కన్నులలోని తడి మెరుపు సహా నిలిచియున్నది.

క్రైస్తవ చిత్రకారులును ఈ పద్ధతినే చేపట్టిరి. సీనాయి కొండ అడుగున జస్టీనియను చక్రవర్తి కట్టించిన మఠములో ఆరవ శతాబ్దపు క్రీస్తు పటమొకటి యున్నది. ఎత్తు 84 సెంటీమీటర్లు. కుడిచేయి ఆశీర్వదించుచున్నది, ఎడమచేత సువార్త గ్రంథము. ముఖమును సగము మూసి చూడుడు: ఒక ప్రక్క శాంతము, రెండవ ప్రక్క తీక్ష్ణము. తరువాతి కాలమున ఎవరో దానిపై వేరు రంగు పూసిరి. 1962లో దానిని తొలగించినప్పుడే అడుగునున్న మైనము మరల వెలుగు చూచెను.

730లో మూడవ లియో చక్రవర్తి పటములను నిషేధించెను. 787లో నీకయ సభ వాటిని అంగీకరించినను, 815లో నిషేధము తిరిగివచ్చి 843వరకు నిలిచెను. పటములలో కొన్ని అగ్నిపాలయ్యెను, గోడలపైనున్నవాటిపై సున్నము పడెను. చక్రవర్తి పక్షమువారిని దుష్టులని తోసివేయకుడు. వారు చూపినది విగ్రహములను చేసికొనవద్దను ఆజ్ఞనే. ఆ ఆజ్ఞ ఇయ్యబడెనని పరంపరగా చెప్పు కొండ అడుగుననే ఈ ముఖము దాగియుండెను! ఎందుకనగా, సీనాయి అప్పటికి సుమారు తొంబది యేండ్లుగా అరబ్బుల యేలుబడిలో నుండెను. క్రైస్తవ చక్రవర్తి మనుష్యులు అక్కడికి పోజాలకపోయిరి. పటముల పక్షమున వ్రాసిన దమస్కు యోహానును ఆ ఖలీఫాల రాజ్యములోనే నిర్భయముగా వ్రాసెను.

843 తరువాత పటములు వ్రాయుట తిరిగి సాగెను గాని, చిత్రకారులు రంగును కోడిగ్రుడ్డు పచ్చసొనలో కలుపుచుండిరి. కుంపటితో పని లేకపోయెను.