గన్నవరం ఏరోడ్రోమ్: మనం రాసుకోవలసిన చరిత్ర

మన కృష్ణా జిల్లాలో ప్రతి గుడికీ ఒక స్థలపురాణం ఉంది. కాలువలకు ఆనకట్ట కథ ఉంది. తోట్లవల్లూరు మొదలు దివిసీమ దాకా ఎన్నో కుటుంబాల పిల్లల్ని దూరదేశాలకు సాగనంపుతున్న గన్నవరం విమానాశ్రయానికీ అటువంటి కథ ఒకటి ఉండాలి. ఈ ఉత్సవ సంచికలో దాన్ని గుర్తు చేసుకోవడం న్యాయం.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఎక్కడో జరుగుతోందనుకున్న యుద్ధం ఆ రోజుతో తెలుగు తీరానికి వచ్చేసింది. ఆ రెండో ప్రపంచ యుద్ధకాలంలో గన్నవరం సైనిక స్థావరంగా పనిచేసింది. తర్వాతే పౌర విమానాలకు దారి ఇచ్చింది.

ఆ దారిలో చాలాకాలం రద్దీ లేదు. చిన్న పట్టణాలను కలపడానికి 1981లో ఏర్పడిన వాయుదూత్ సంస్థ విమానాలు ఇక్కడా దిగాయి. 2003లో ఎయిర్ డెక్కన్ హైదరాబాదుకు సర్వీసు నడపడంతో మధ్యతరగతి వాళ్లకూ టికెట్టు మీద ఆశ పుట్టింది. రాష్ట్ర విభజన తర్వాత ఒత్తిడి ఒక్కసారిగా పెరిగింది. 2017 జనవరిలో కొత్త టెర్మినల్ ప్రారంభమైంది, అదే ఏడాది అంతర్జాతీయ హోదా దక్కింది. 2,286 మీటర్ల రన్‌వేను 3,360 మీటర్లకు పొడిగించారు. అందుకు చుట్టుపక్కల రైతులు తమ పొలాలిచ్చి, బదులుగా అమరావతిలో స్థలాలకు ఒప్పుకున్నారు. ఏపుగా పండే మాగాణి వదులుకోవడమంటే ఏమిటో డెల్టాలో పుట్టినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

పాత విమానాలను, వాటి కథలను బ్రిటన్ వాళ్లు ఎంత శ్రద్ధగా కాపాడుకుంటారో చూస్తే మనం చేయాల్సింది తెలుస్తుంది. లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో డీహెచ్-9ఏ బాంబర్ ఒకటి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం ఇచ్చిన సొమ్ముతో 110వ స్క్వాడ్రన్‌కు సమకూరిన విమానాల్లో అదొకటి. అందుకే ఆ దళం పేరులో హైదరాబాద్ చేరింది. 1918 అక్టోబరులో ఆ విమానం జర్మన్ల చేతికి చిక్కి, బెర్లిన్ ప్రదర్శనశాలలో ఉండి, రెండో యుద్ధంలో పోలండ్ చేరింది. 1977లో దానికి బదులుగా ఒక స్పిట్‌ఫైర్‌నే ఇచ్చి బ్రిటన్ వాళ్లు ఇంటికి తెచ్చుకున్నారు. మన నేల సొమ్ముతో ఎగిరిన విమానం కథను వాళ్లు అంత భద్రంగా దాచారు.

మనవాళ్లకూ ఆ శ్రద్ధ లేకపోలేదు. 29 ఏళ్లు నౌకాదళంలో 30,000 గంటలు ప్రమాదం లేకుండా ఎగిరిన టీయూ-142 విమానాల్లో ఒకటి విశాఖ బీచ్ రోడ్డులో 2017 డిసెంబరు నుంచి మ్యూజియంగా నిలిచింది. పిల్లలు దాని పొట్టలోకి ఎక్కి నడిచి చూస్తున్నారు.

గన్నవరానికీ అటువంటి చోటు కావాలి. టెర్మినల్‌లో ఒక గది చాలు. యుద్ధకాలం ఫొటోలు, వాయుదూత్ నాటి టికెట్లు, రన్‌వే మీద పనిచేసిన కూలీల జ్ఞాపకాలు, భూములిచ్చిన ఊళ్ల పేర్లు అందులో ఉండాలి. ఎనభై, తొంభై ఏళ్ల పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. వారి మాటలను మన బడులు, గ్రంథాలయాలు ఈ ఏడాదే రికార్డు చేయడం మొదలుపెట్టాలి. ఆలస్యమైతే ఆ సాక్ష్యాన్ని ఏ ప్రభుత్వ ఉత్తర్వూ తిరిగి తేలేదు.