దేశం పోయినా పోరు ఆపని పైలట్

యుద్ధాల చరిత్ర అంటే మనకి పెద్ద దేశాలు, పెద్ద నాయకుల పేర్లే గుర్తుంటాయి. ఈరోజు ఒక చిన్న దేశపు పైలట్ గురించి చెప్తాను. చివర్లో ఒక ప్రశ్న ఉంది, అక్కడిదాకా చదవండి.

1940 మే 10న హిట్లర్ సైన్యం బెల్జియం మీద పడింది. 18 రోజుల్లోనే, మే 28న, ఆ దేశం లొంగిపోయింది. అప్పుడు జాన్ ద సెలిస్ లాంగ్‌షాన్ అశ్వికదళంలో అధికారి. పుట్టింది దొరల కుటుంబంలో. కానీ ఇంటికెళ్లి కూర్చోలేదు. ఫ్రాన్స్‌లో నిర్బంధంలో పడ్డాడు, తప్పించుకున్నాడు, స్పెయిన్ మీదుగా ఇంగ్లాండ్ చేరాడు. విమానం నడపడం నేర్చుకుని బ్రిటిష్ వైమానిక దళం 609వ స్క్వాడ్రన్‌లో చేరాడు.

బ్రస్సెల్స్‌లో లూయిజ్ అవెన్యూ 453 నంబరు భవనం గెస్టాపో, అంటే నాజీ రహస్య పోలీసుల కార్యాలయం. ఆ పేరు చెప్తేనే ఊరు వణికేది. దాన్ని కొడతానని సెలిస్ అనుమతి అడిగాడు. రాలేదు.

1943 జనవరి 20న రైల్వే లక్ష్యాల మీద దాడికని టైఫూన్ విమానంలో బయల్దేరాడు. ఆ పని అయ్యాక తోటి పైలట్‌ని వెనక్కి పంపేసి, ఒక్కడే బ్రస్సెల్స్ వైపు తిరిగాడు. ఇళ్ల కప్పుల ఎత్తులో దూసుకొచ్చి ఆ భవనం మీద ఫిరంగులు పేల్చాడు. గెస్టాపో అధికారులు కొందరు చచ్చారు. పోతూపోతూ తన దేశపు జెండా కిందికి జారవిడిచాడు.

పైవాళ్లు ఏం చేశారో తెలుసా? ఆజ్ఞ మీరినందుకు ర్యాంకు తగ్గించారు, ధైర్యానికి పతకమూ ఇచ్చారు! అదే ఏడాది ఆగస్టు 16న, ఒక దాడి నుంచి తిరిగొస్తూ, మాన్‌స్టన్‌లో విమానం దిగేటప్పుడు కూలి చనిపోయాడు. వయసు 31. బ్రస్సెల్స్‌కి విముక్తి వచ్చింది 1944 సెప్టెంబర్ 3న. అది ఆయన చూడలేదు.

ఇప్పుడు ప్రశ్న. పరాయి పాలన ఎంత బాధో బెల్జియానికి తెలిసొచ్చిన ఆ రోజుల్లోనే, కాంగో దాని వలస. 1941 డిసెంబర్‌లో ఎలిజబెత్‌విల్‌లో కూలి పెంచమని సమ్మె చేసిన గని కార్మికుల్ని వలస సైన్యం కాల్చి చంపింది. కాంగోకి స్వాతంత్ర్యం 1960 జూన్ 30న గానీ రాలేదు.

సెలిస్ ధైర్యం నిజం, దాన్ని తక్కువ చేయొద్దు. లూయిజ్ అవెన్యూలో ఆయన విగ్రహం ఉంది. మరి ఆ గని కార్మికుల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? అడవి కోసం, భూమి కోసం పోరాడిన మన తాతముత్తాతల్లో ఎందరి పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి? ఈ సెలవుల్లో ఊరెళ్లినప్పుడు పెద్దోళ్ల దగ్గర కూర్చుని అడగండి, రాసి పెట్టండి. మనం రాయకపోతే ఇంకెవరు రాస్తారు?