పొట్టి సంతకం లేని పని

బ్యాంకులో వోచరు మీద రెండు పొట్టి సంతకాలుండాలి. రాసినవాడిది ఒకటి, సరిచూసినవాడిది ఒకటి. ముప్పై ఏళ్ళు ఆ పనిలో ఉన్నందువల్లనేమో, సినిమా చూసినా నా కళ్ళు మొదట పేర్ల మీదకే పోతాయి. అలా వెతికిన పేర్లలో ఒకటి కె. రామ్‌నాథ్.

ఆ పేరు నాకు మొదట చెప్పింది మా నైన. విరుదునగర్‌లో పప్పుల మండీ గుమాస్తా. ఇంట్లో తెలుగు, చిట్టా పుస్తకంలో తమిళం. నేనూ కోవిల్‌పట్టి బడిలో తమిళమే చదివాను. తెలుగు అక్షరాలు నలభై దాటాక కూడబలుక్కున్నాను. చిన్నతనంలో 'ఏళై పడుం పాడు' (1950) చూసిన నైన, "రామ్‌నాథ్ మనవాడేరా" అని తేల్చేశారు. కారణాలూ చెప్పేవారు. హీరో మన నాగయ్య. తీసినవారు కోయంబత్తూరు పక్షిరాజా శ్రీరాములు నాయుడు. అదే కథ తెలుగులో 'బీదల పాట్లు'. ఇక డైరెక్టరు ఒక్కడే పరాయివాడా!

పరాయివారే. తిరువనంతపురం ఆయన సొంత ఊరు. మొదట మద్రాసులో 'సౌండ్ అండ్ షాడో' అనే ఇంగ్లీషు సినిమా పత్రిక నడిపినవారిలో ఒకరు. తర్వాత వేల్ పిక్చర్స్‌లో కెమెరా పట్టారు. కళాదర్శకుడు ఎ.కె. శేఖర్‌తో కలిసి వాహినికి వచ్చారు. బి.ఎన్. రెడ్డిగారి 'వందేమాతరం' (1939), 'సుమంగళి' (1940), 'దేవత' (1941) మన తాతలు చూసింది ఈయన కెమెరాతోనే. ఆ తర్వాత జెమినీ, ఆపైన దర్శకత్వం. విక్టర్ హ్యూగో నవల మీద తీసిన 'ఏళై పడుం పాడు'లో పోలీసు జావర్ వేషం వేసిన సీతారామన్ జీవితాంతం 'జావర్ సీతారామన్'గానే మిగిలారు. ఎం.జి.ఆర్. 'మర్మయోగి' (1951) దెయ్యం పుణ్యమా అని పెద్దలకు మాత్రమే అనే సర్టిఫికెట్ తెచ్చుకున్న తొలి తమిళ చిత్రం. రామ్‌నాథ్ 1956లోనే పోయారు.

నాకు పట్టుకున్నది మాత్రం 'చంద్రలేఖ' (1948). వాసన్ ఏళ్ళ తరబడి తీసిన ఆ చిత్రానికి మొదట కెమెరా రామ్‌నాథ్‌దే. 1947 ఆగస్టులో ఆయన జెమినీ వదిలారు. కమల్ ఘోష్ పూర్తి చేశారు. తెర మీద రామ్‌నాథ్ పేరు లేదు. పాపం, లోకం దానికి పరిహారం అన్నట్టు ఆ చిత్రంలోని ప్రఖ్యాత ఢంకాల నృత్యాన్ని ఆయన ఖాతాలో జమ కట్టింది. కాని ఆ నృత్యం ఆలోచన పుట్టింది ఆయన వెళ్ళిపోయాకే! చేసిన పనికి పేరు లేదు, చేయనిదానికి పేరొచ్చింది. మా లెక్కల భాషలో రెండూ తప్పుడు పద్దులే. ఒకదాన్ని చూపి ఇంకొకటి కొట్టేయడం కుదరదు.

ఆయన తెలుగువారు కారని చెబితే నైన ఒప్పుకోరని భయపడుతూనే ఇదంతా చెప్పాను. ఊరి సంగతి ఆయన పట్టించుకోలేదు.

"పేరు వెయ్యలేదా? మరి ఆ ఏళ్ళ జీతమన్నా ఇచ్చినారా లేదా?" అన్నారు.