సమ్సోను మఠాధిపతి: లెక్కలు సరిపోయాయి, మనసులు సరిపోలేదు



మన ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో ఏ సంఘంలో తగవు పుట్టినా, కూర్చుని విచారిస్తే కింద రెండే కనబడతాయి. ఒకటి లెక్కలు, రెండోది పెద్దరికం. ఇది ఈ కాలపు జబ్బని మనం అనుకుంటాం. కానీ 800 ఏళ్ల కిందట ఇంగ్లండులో ఒక మఠంలో జరిగింది చదివితే, మన సంగతే చదువుతున్నట్టు మాకు అనిపించింది.

బరీ సెయింట్ ఎడ్మండ్స్ అనే ఊళ్లో బెనెడిక్టు నియమం ప్రకారం బతికే సన్యాసుల మఠం ఉండేది. భూములు, ఊళ్లు, సంత సుంకాలు ఉన్న గొప్ప మఠం అది. దాని అధిపతి హ్యూ భక్తిపరుడే గానీ ముసలివాడు, చూపు తగ్గినవాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఏది చెబితే అదే నమ్మేవాడు. మఠంలో ఏ పని చూసేవాడు ఆ పని పేరుతో అప్పు తెచ్చేవాడు. పాత అప్పు తీరక వడ్డీ కలిపి కొత్త పత్రం రాసేవారు. పంటకు చేసిన అప్పు ఎట్లా పెరుగుతుందో ఆదోని యార్డుకు పత్తి తోలే మన రైతులకు చెప్పనక్కరలేదు. 1180లో హ్యూ చనిపోయేనాటికి మఠం అప్పుల్లో మునిగి ఉంది.

1182లో సమ్సోను అనే సన్యాసి అధిపతి అయ్యాడు. అప్పటికి ఆయనకు 47 ఏళ్లు. ఆయన కింద పనిచేసిన జోసెలిన్ అనే సన్యాసి, మంచీ చెడూ దాచకుండా ఆయన చరిత్ర రాసిపెట్టాడు. మఠంలో ఉన్న ముద్రలన్నీ తెమ్మని సమ్సోను అడిగితే 33 వచ్చాయట! అంటే అప్పు పత్రం మీద ముద్ర వేయగల చేతులు అన్ని ఉన్నాయన్నమాట. ఇకమీదట ఒక పౌనుకు మించి అప్పు చేయాలంటే అందరి సమ్మతీ ఉండాలని ఆయన కట్టడి చేశాడు. ఏ భూమికి ఎంత రాబడి వస్తుందో రాయించి, ఏళ్ల తరబడి కష్టపడి అప్పులు తీర్చాడు.

ఆయన లాటిన్, ఫ్రెంచి వచ్చిన పండితుడు. అయినా జనానికి బోధించేటప్పుడు తాను పుట్టిన నార్ఫోక్ యాసలోనే మాట్లాడేవాడు. కన్నడం కలిసిన మన ఊరి తెలుగులో వాక్యం వింటే మన అవ్వల ముఖాలు ఎట్లా వెలుగుతాయో, అక్కడా అట్లాగే ఉండి ఉంటుందని మాకు అనిపిస్తుంది.

అయితే ఒక సంగతి దాచకూడదు. 1190లో మట్టల ఆదివారం నాడు ఆ ఊళ్లో 57 మంది యూదులను చంపేశారు. మిగిలినవాళ్లను సమ్సోను రాజు అనుమతి తీసుకుని ఊరు వెళ్లగొట్టాడు. మఠానికి అప్పిచ్చినవాళ్లలో యూదులు ఉన్నారు. అడిగి తెచ్చుకున్నది సన్యాసులే. యేసుక్రీస్తు యూదురాలి బిడ్డ అని రోజూ చదివేవాళ్లే పొరుగువాడికి ఇంత చేశారు. లెక్కల పుస్తకం ఎంత శుభ్రంగా ఉన్నా ఈ మరక పోదు.

ఇక సొంత ఇంటి గొడవ. గేటు కాపరి రాల్ఫ్, మఠం మీద వ్యాజ్యాలు వేసినవాళ్ల పక్షాన నిలబడ్డాడు. అందుకని సన్యాసులు అతనికి జీతం పైన దొరికే అదనపు ఇవ్వడాలు కోసేశారు. తనను అడగకుండా చేశారని సమ్సోనుకు కోపం వచ్చింది. తిరిగి ఇవ్వమన్నాడు. సన్యాసులు ఎదురు తిరిగారు. తనను కత్తులతో పొడుస్తారని చెప్పి ఆయన ఎనిమిది రోజులు వాళ్ల మధ్యకు రాలేదు. వచ్చాక కొందరిని వెలివేశాడు, శిక్షించాడు.

అప్పుడు సన్యాసులు కూడి ఆలోచించుకున్నారు. ఇంకా పోరాడదామా, తగ్గుదామా? తగ్గారు. వాళ్లు తలవంచి రావడం చూసి సమ్సోను ఏడ్చేశాడు. ఇంత దుఃఖం తనకెన్నడూ కలగలేదన్నాడు. వెలి తీసేసి ఒక్కొక్కరినీ ముద్దుపెట్టుకున్నాడు. ఆ తర్వాత రాల్ఫ్‌కు రావలసినవన్నీ గుట్టుగా ఇప్పించారు. పంతం ఆయనదే నెగ్గింది. కానీ జోసెలిన్ పుస్తకం చదివితే మనసులో నిలిచేది ఆ పంతం కాదు, ఆ కన్నీళ్లు.

అధిపతి అయిన 14 ఏళ్లలోపే ఆయన తల మంచులా తెల్లబడిందట. పెద్దరికం కన్నా పుస్తకాలు చూసుకునే పని దొరికితే బాగుండేదని ఆయనే అనేవాడు. 1211లో కన్నుమూశాడు.

ప్రియులారా, మేము మొదట మాకే చెప్పుకుంటున్నాం. కాపరి మంద మీద దొరతనం చేయకూడదని పేతురు పత్రికలో ఉంది. కానుకల లెక్క అందరి ముందు చదవాలి, అప్పు అందరినీ అడిగి చేయాలి. ఇది సమ్సోను దగ్గర నేర్చుకుందాం. "నన్నడగకుండా చేస్తారా" అనే కోపం వద్దు. ఇది ఆయన్ని చూసి మానుకుందాం. సంఘస్థులారా, మీరూ గుసగుసలు మాని ఎదురుగా వచ్చి అడగండి. ముందు ఎవరు తగ్గాలని చూడకండి. ఆ రోజు ముందు తగ్గింది శిష్యులే, అయినా గురువు ఏడవకుండా ఉండలేకపోయాడు.

ఈ వారం మన మధ్య మాటలు లేనివాళ్లు ఎవరైనా ఉంటే, ఆదివారం బల్లలో పాలు పుచ్చుకోకముందే వాళ్ల గడప తొక్కుదాం. దేవుడు మనకు ఆ మనసు ఇచ్చును గాక. ఆమేన్.