రిజిస్టరులోని బిట్లు - వాటి పేర్లు

కంప్యూటరునకు జోడించిన ప్రతి పరికరములోను రిజిస్టర్లు అను చిన్న గళ్లు ఉండును. ఒక్కొక్క రిజిస్టరు కొన్ని బిట్ల వరుస. గోడమీది స్విచ్చుల బోర్డులో వలె ప్రతి బిట్టు 1 గానో 0 గానో ఉండును. ఒక బిట్టు పని పూర్తియైనదని తెలుపును. మరియొకటి పరికరమునకు ఆజ్ఞ ఇచ్చును. ఈ స్విచ్చులను నడుపు ప్రోగ్రామునకు డ్రైవరని పేరు. ప్రక్క స్విచ్చును నొక్కినచో పరికరము వేరొక పని చేయును. ఈ పొరపాటును తప్పించు మార్గము క్రమముగా ఏర్పడినది.

1970లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారు పీడీపీ-11 అను కంప్యూటరును తెచ్చిరి. అందు పరికరముల రిజిస్టర్లకు కూడ మెమొరీ గళ్లకు వలెనే చిరునామాలు కలవు. మెమొరీలో అంకెను వ్రాయునట్లే పరికరమునకు ఆజ్ఞ ఇయ్యవచ్చును. టెలిటైపు స్థితిని తెలుపు రిజిస్టరులో, కుడినుండి 0 మొదలుకొని లెక్కించినచో, 7వ బిట్టు అక్షరము వచ్చినదని తెలుపును. దాని విలువ 128. 6వ బిట్టు, అక్షరము రాగానే కంప్యూటరును పిలుచుటకు అనుమతి. దాని విలువ 64.

బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ సీ భాషను రూపొందించెను. 1973లో యూనిక్స్ వ్యవస్థను ఆ భాషలో తిరిగి వ్రాసిరి. 1975 నాటి ఆరవ కూర్పులోని టెలిటైపు డ్రైవరులో 64 అను అంకెకు బదులు ఒక పేరు కనిపించును. ఆ పేరు విలువను ఒకేచోట నిర్వచించి, తక్కినచోట్ల పేరునే వాడిరి. చదువరికి అర్థము వెంటనే తెలియును.

సీ భాషలో మరియొక సౌకర్యము కూడ కలదు. బిట్లను గుంపులుగా విభజించి, ఒక్కొక్క గుంపుకు పేరు పెట్టవచ్చును. దీనిని బిట్‌ఫీల్డు అందురు. చూచుటకు ఇది చక్కనిదే. కాని కొన్ని యంత్రములలో ఈ గుంపులు కుడినుండి ఎడమకు, మరికొన్నిటిలో ఎడమనుండి కుడికి అమరును. 1978లో కెర్నిఘన్, రిచీలు ప్రచురించిన గ్రంథమే ఈ సంగతి హెచ్చరించినది. 1989 నాటి అమెరికా ప్రమాణము కూడ ఈ క్రమమును కంపైలరుకే విడిచినది. పరికరములోని బిట్టు మాత్రము తన చోటు మారదు. కావున ఒక యంత్రముపై సరిగా నడచిన డ్రైవరు మరియొక దానిపై తప్పు స్విచ్చును నొక్కవచ్చును.

అందుచే పలువురు మాస్కు పద్ధతినే ఎన్నుకొనిరి. ఒక రిజిస్టరు విలువ 75 అనుకొందము. అనగా 64 + 8 + 2 + 1. అందు 3, 4, 5 బిట్లు గల గుంపులో 5 ఉంచవలెను. ఆ గుంపు మాస్కు 8 + 16 + 32 = 56. మొదట ఆ మూడు బిట్లను 0 చేయగా 67 మిగులును. 5ను మూడు చోట్లు ఎడమకు జరుపగా 40 అగును. రెండును కలుపగా 107. తక్కిన బిట్లు చెక్కుచెదరవు.

అయినను ఇంకొక చిక్కు కలదు. 1992లో వచ్చిన పీసీఐ పద్ధతిలో స్థితి రిజిస్టరులోని దోష సూచక బిట్లకు 1 వ్రాసినచో అవి 0 అగును. అట్టి రిజిస్టరును చదివి, ఒక బిట్టు మార్చి తిరిగి వ్రాసినచో, అందు 1గా ఉన్న ఇతర సూచకములు కూడ చెరిగిపోవును. జరిగిన దోషము ఎవరి కంటను పడక మాయమగును! అచ్చట కావలసిన బిట్టును మాత్రమే 1 చేసి, తక్కినవి 0గా వ్రాయుట క్షేమము.

2016లో లినక్స్ వ్యవస్థలో ఫీల్డ్ ప్రెప్, ఫీల్డ్ గెట్ అను రెండు సాధనములు చేరినవి. డ్రైవరు వ్రాయువాడు మాస్కును ఒకచోట చెప్పినచో చాలును. ఎన్ని చోట్లు జరుపవలెనో దాని నుండియే తేలును. గుంపులో పట్టని స్థిర సంఖ్యను ఇచ్చినచో, ప్రోగ్రాము తయారగుచున్నప్పుడే దోషము బయటపడును.

విద్యార్థులు 107లో 56 మాస్కు క్రింది బిట్లను మాత్రమే నిలిపి, వచ్చిన దానిని 8తో భాగించి చూడవచ్చును. దాచిన 5 తిరిగి లభించును.